లివరు వార్డులో మొదటి ప్రశ్న

లివరు వార్డులోకి వచ్చిన ప్రతి మగవాడినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "రోజుకి ఎంత తాగుతావు?" తాగుతావా అని కాదు, ఎంత అని. చిన్న డాక్టరమ్మకి ఆ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. కొన్ని నెలలు అక్కడ తిరిగేసరికి, ఆస్పత్రి వాసన కోటుకి పట్టినట్టు అది నాలుకకి పట్టేసింది.

పేరుకి డాక్టరే అయినా ఆమె ఇంకా చదువుకుంటూనే ఉంది. ఇకమీదట జీవితమంతా ఏ అవయవంతో కాపురం చెయ్యాలో తేల్చుకోవలసిన ఏడాది అది. తోటివాళ్ళలో చాలామంది చూపు గుండె మీదే. ఆ పిచ్చి బాగా ముదిరినవాడికి 'స్టెంటు' అని పేరు కూడా పెట్టారు.

"మా గుండె రోగి స్ట్రెచరు మీద వస్తాడు, నడిచి వెళ్తాడు. మీ రోగి నడిచి వస్తాడు..." అని అక్కడితో ఆపేసేవాడు స్టెంటు.

"మీ రోగి, మా రోగి అనకు. నేనింకా ఏమీ తేల్చుకోలేదు."

"తేల్చుకోకముందే మొహం వేలాడిపోయింది. తేల్చుకున్నాక అద్దం కూడా నిన్ను గుర్తుపట్టదు."

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇక్కడ పొట్టలో నీరు తీసి పంపితే మళ్ళీ నింపుకుని వస్తారు. మంచం అదే, మనిషి అదే, ఒళ్ళు మాత్రం ప్రతిసారీ కాస్త తగ్గి ఉంటుంది. ఇంట్లో తల్లిదీ అదే పాట: "గుండె డాక్టరంటే నలుగురికీ చెప్పుకోవడానికి బాగుంటుంది. లివరు డాక్టరంటే తాగుబోతుల డాక్టరంటారే తల్లీ."

వార్డు పెద్ద డాక్టరమ్మ మాత్రం, రోగి ఉలిక్కిపడకుండా సూది దించే ఆ పిల్ల నేర్పు చూసి ముచ్చటపడింది. "మూడేళ్ళ చదువు. సీటు ఖాళీగా ఉంది. అదెప్పుడూ ఖాళీగానే ఉంటుందిలే. శుక్రవారం సాయంత్రానికి వస్తావో రావో చెప్పు" అంది.

ఆ వారమే ఒక టైలరు వార్డులో చేరాడు. కళ్ళు పచ్చగా, కాళ్ళు వాచి, పొట్ట కుండలా ఉంది. అంత అవస్థలోనూ అతని చూపు ఆమె భుజాల మీదికే పోయింది.

"డాక్టరమ్మా, ఆ కోటు మీ కొలతలకి కుట్టింది కాదు. భుజాలు జారిపోతున్నాయి."

ఆమె నవ్వింది. ఆ నవ్వులోనే అడిగేసింది: "రోజుకి ఎంత తాగుతావు?"

"నాకు ఆ అలవాటు లేదమ్మా."

పక్కన నిలబడ్డ భార్య అవునన్నట్టు తల ఊపింది. డాక్టరమ్మ వినలేదు. "చేతులు చాచు. ఎవరినో ఆపుతున్నట్టు అరచేతులు నిలబెట్టు" అంది. అరచేతులు నిలబడలేదు. రెక్కలు కొట్టుకున్నట్టు ఊగాయి. లివరు వడకట్టలేని విషం తలకెక్కితే అలా ఊగుతాయి. సూదిలో దారం ఎక్కించే చేతులవి. అతను వాటిని చూసుకుని సిగ్గుపడ్డాడు.

ఆమె బయటికొస్తుంటే భార్య వెంటపడింది. "నిజంగా తాగుడేనా అమ్మా? నాకెప్పుడూ వాసన కూడా రాలేదే!"

ఇంకో మంచం దగ్గర్నుంచి పిలుపు వస్తోంది. "ఇక్కడికొచ్చే వాళ్ళంతా లేదనే అంటారమ్మా. భార్యలకి ఆఖర్న తెలుస్తుంది" అని నడుస్తూనే అనేసింది.

మర్నాటి నుంచి భార్య రాలేదు. గిరాకీ ఉందని ఆలస్యంగా ఇంటికొచ్చిన రాత్రులన్నీ ఇప్పుడు అర్థమయ్యాయని వార్డంతా వినేలా అరిచి, కూతుర్ని తీసుకుని అన్నగారింటికి వెళ్ళిపోయిందని నర్సు చెప్పింది. టైలరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మందు బిళ్ళలు చేతిలో పెడితే మంచం అంచున పెట్టేస్తున్నాడు.

శుక్రవారం పొద్దున రక్తపరీక్ష ఫలితం వచ్చింది. హెపటైటిస్ బి. వైరస్ ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా లివరుని తినేసింది. తాగుడుకీ దీనికీ సంబంధం లేదు.

"ఇంట్లోవాళ్ళకీ పరీక్ష చెయ్యాలి. వైరస్ లేనివాళ్ళకి టీకా వెయ్యాలి. భార్య ఏదీ?" అంది పెద్ద డాక్టరమ్మ.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని తల్లి ఎన్నిసార్లు అందో! చిన్న డాక్టరమ్మ టైలరు భార్యకి తనే ఫోను చేసింది. ఆవిడ మధ్యాహ్నం వచ్చింది గానీ లోపలికి రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"మీ ఆయన తాగలేదమ్మా. లివరుని తిన్నది వైరస్ అనే పురుగు, అది ఇంట్లోవాళ్ళకీ అంటుకోవచ్చు. నేను తెలుసుకోకుండా అన్నాను. తప్పు నాది."

ఆవిడ మొహంలో వెలుగేమీ రాలేదు. "మరి ఆ పురుగు ఆయనకెక్కడ పట్టింది? ఇంకెవరి దగ్గరైనా...?"

ఒక్క అబద్ధం చాలు. పుట్టినప్పుడు వాళ్ళమ్మ నుంచి వచ్చిందని గట్టిగా అనేస్తే ఆ సంసారం నిలబడుతుంది. మాట గొంతుదాకా వచ్చింది. మొన్న కూడా ఇలాగే, తెలియనిది తెలిసినట్టే కదా అంది!

"తల్లి నుంచి రావచ్చు. ఎప్పుడో వేసిన సూది నుంచి రావచ్చు. మీరన్నట్టూ రావచ్చు. ఏదో నాకు తెలీదమ్మా. ఎవరూ చెప్పలేరు."

"మొన్న మాత్రం అన్నీ తెలిసినట్టు చెప్పారే!"

ఆవిడ గాజులు వెనక్కి తోసి చెయ్యి చాచింది. "తియ్యండి రక్తం. పిల్లని రేపు తీసుకొస్తాను." తర్వాత లోపలికెళ్ళి మంచానికి దూరంగా స్టూలు లాక్కుని కూర్చుంది. మొగుడితో మాట్లాడలేదు. మంచం అంచున ఉన్న బిళ్ళలు మాత్రం తీసి అతని చేతిలో పెట్టింది.

సాయంత్రం పెద్ద డాక్టరమ్మ అంతా విని, "పాపం కడుక్కోవడానికైతే మా వార్డుకి రాకు. ఇక్కడ రోజుకొకటి అంటుకుంటుంది" అంది. చిన్న డాక్టరమ్మ జారిపోతున్న కోటు భుజం మీదికి లాక్కుంది. "సరే, ఒకసారి వార్డు తిరిగొచ్చి చెప్పు" అంది పెద్దావిడ.

టైలరు మేలుకునే ఉన్నాడు.

"ఒకసారి చేతులు చాచండి" అందామె. తను 'చాచండి' అన్నట్టు అన్నాక గాని తెలియలేదు. చేతులు ఇంకా ఊగుతున్నాయి.

"ఇవి కుదురుకున్నాక ఆ కోటు ఇవ్వండమ్మా, సరిచేస్తాను. ఇంతకీ దీన్ని ఇంకెన్నాళ్ళు తొడుక్కుంటారు? నెలో రెండు నెలలో అయితే పైకుట్టు వేసేస్తాను."

ఆ చేతులు కుదురుకుంటాయో లేదో ఆమెకి తెలీదు. భార్య స్టూలు మీంచి తలెత్తి ఇటే చూస్తోంది.

"మూడేళ్ళు" అంది చిన్న డాక్టరమ్మ. "గట్టి కుట్టే వెయ్యండి."