మునెమ్మ చూడని సగం

వరద సాయానికి బయలుదేరిన మా ఆర్మీ కాలమ్ కావేరిపట్టణం చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. మూడు ట్రక్కులు, రెండు రబ్బరు పడవలు, ముప్పై మంది జవాన్లు. మూడు రోజులుగా వాన. పెన్నేరు ఎర్రగా, గట్లు ఒరుసుకుంటూ పారుతోంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఇసుక చూశాను, మంచు చూశాను. ఆఖరి డ్యూటీ మాత్రం మా ఊరు కుందారపల్లికి కాస్త దూరంలోనే పడింది. ట్రక్కు దిగుతుంటే నవ్వొచ్చింది. ఇంటికి పోతానని లీవు అడిగితే సవాలక్ష సాకులు చెప్పేవాళ్లు, ఇప్పుడు అడగకుండానే తెచ్చి దించారు.

ఊరికి దిగువన ఏరు రెండు పాయలుగా చీలుతుంది. మధ్యలో ఒక దిబ్బ, దాని మీద మామిడితోట. తోటలో పనిచేసే కూలీ కుటుంబాలు, మొత్తం పందొమ్మిది మంది, అక్కడ చిక్కుకుపోయారు. పాయ వెడల్పు నలభై మీటర్లు. నీళ్ల కింద మునిగిన చెట్లు, ముళ్లకంచె. మొదటి పడవ పది గజాలు పోకముందే చిరిగింది. మా కెప్టెన్ రెండోదాన్ని దించనివ్వలేదు, తాడు కట్టమన్నాడు. ఆర్డరు రెండు ముక్కల్లో ఉంది. పైన డ్యామ్ నుంచి ఇంకా నీళ్లు వదులుతారు, నాలుగింటిలోపు దిబ్బ ఖాళీ కావాలి.

మా సెక్షన్‌లో గజ ఈతగాడు ఒకడున్నాడు, కేరళ జవాను. నడుముకు సన్నతాడు కట్టుకుని ఎగువన దూకి, ఏటవాలుగా కొట్టుకుపోతూ దిబ్బకు తగిలాడు. ఆ సన్నతాడుతో లావు తాడు లాక్కుని అక్కడున్న గుండురాయికి చుట్టి ముడి వేశాడు. ఈ వైపు చింతమానుకు కట్టాం. తాడు మీద కప్పీ, కప్పీకి నడుము పట్టీ, మనిషికో లైఫ్ జాకెట్. మనిషిని పట్టీలో బిగించి ఇవతలి నుంచి లాగేయడమే. రెండు గంటలకు అంతా సిద్ధం.

ఎవరూ ఎక్కలేదు.

తాడు మీద పంపిన రేడియోలో ఈతగాడు వాపోయాడు. "వీళ్లు పట్టీ కట్టించుకోవడం లేదు సాబ్. ఒక పెద్దామె తాడు చూపించి ఏదో అరుస్తోంది. ఆమె వద్దంటే ఎవరూ కదలడం లేదు." కెప్టెన్ నా వైపు చూశాడు. నీ ఊరేగా, నీ భాషేగా, వెళ్లు హవల్దార్ అన్నాడు. పట్టీ బిగించుకుని తాడు మీద దిబ్బకు పోయాను.

ఆమె పేరు మునెమ్మ. అరవై దాటి ఉంటాయి. కాన్పయినా చావయినా తగాదా అయినా ఆ తోటలో ఆమె మాటే మాట. గుండురాయి పక్కన వానలో తడుస్తూ నిలబడి ఉంది.

"ఆ తాడు తెగుతాదప్పా," అంది. "నా కండ్లతో చూసినాను."

ఎవరో ఆమె సొంతమనిషే పోయి ఉంటారనుకున్నాను. గొంతు తగ్గించి, ఎక్కడ చూశావని అడిగాను.

"సినిమాలో," అంది.

నాకు ఒళ్లు మండింది. ఏరు చూస్తుండగానే పెరుగుతోంది, ఈమె సినిమా అంటోంది. కసురుకోబోయి చుట్టూ చూశాను. మిగతా అందరి మొహాల్లోనూ అదే భయం. అప్పుడు ఆమె సంగతంతా చెప్పింది. తనకు పెళ్లి కాకముందు ఊళ్లోకి టెంటు సినిమా వచ్చిందట. అందులో హీరోయిన్ తాడుకు వేలాడుతూ ఏరు దాటుతుంటే నట్టనడుమ తాడు తెగి ఆ పిల్ల నీళ్లలో పడిపోతుంది. సరిగ్గా అప్పుడే నిజం వాన మొదలైంది. తెర తడిసింది, ఆట ఆపేశారు. మర్నాడు టెంటు విప్పి సామల్పట్టికి తీసుకుపోయారు. ఆ తర్వాత ఏమైందో మునెమ్మకు తెలియదు. పిల్లల్ని ఏటి దగ్గరికి పోనివ్వకుండా ఆ కథే చెప్పి భయపెట్టింది. వాళ్లు పెరిగి వాళ్ల పిల్లలకు చెప్పారు. ఆ సినిమా మొహం చూడనివాళ్ల చెవుల్లో కూడా ఆ తాడు తెగిన చప్పుడు ఉండిపోయింది. శుభం కార్డు పడిన సినిమాను ఇంటికొచ్చేలోపు మరచిపోతాం. మధ్యలో ఆగిపోయినది మాత్రం మనసులో ఆడుతూనే ఉంటుంది.

నా అదృష్టం కొద్దీ ఆ సినిమా నేను చూశాను. హోసూరులో మా మామ ఇంట్లో ఉండి చదువుకునే రోజుల్లో అది మళ్లీ విడుదలైంది. నేల టికెట్టు కొని మూడుసార్లు చూశాను.

"తాడు తెగలేదవ్వా," అన్నాను. "కోసినారు."

ఆమె నా మొహంలోకి చూసింది.

విలన్ మనిషి రాయి చాటున దాక్కుని కొడవలితో కోశాడని, ఆ సంగతి తర్వాత గానీ చూపించరని చెప్పాను. హీరో తాడు కొస చేతిలోకి తీసుకుని చూస్తే నున్నగా ఉంటుంది. దానంతట అదే తెగితే పీచు లేస్తుంది. వాళ్లు రోజూ మోకులతో, పగ్గాలతో బతికే మనుషులు. ఆ తేడా నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. వెనక నుంచి ఒకాయన, అదీ నిజమే అన్నాడు.

మునెమ్మకు అది చాలలేదు.

"ఆ బిడ్డ బతికిందా?" అని అడిగింది.

నలభై ఏళ్లకు పైగా ఆ పిల్ల ఈమె మనసులో ఏట్లోనే ఉండిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వానలో ఎవరికీ కనబడలేదు.

"బతికిందవ్వా. హీరో వచ్చేదానికి ముందే తనే ఈదుకోని గట్టెక్కింది."

"ఒగతే?"

"ఒగతే."

మునెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత పనికొచ్చే మాట అడిగింది.

"ఆ పక్క తాడు కాడ ఎవురుండారు?"

మా సెక్షన్ కమాండర్‌ను చూపించాను. నిలువెత్తు సర్దార్జీ, చింతమానుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఈ పక్క నేను ఉంటానని, ఆఖరి మనిషి దాటేవరకు ముడి మీద నుంచి చెయ్యి తీయనని మాటిచ్చాను.

"అట్లయితే నేనే ముందు పోతాను. కట్టప్పా," అంది.

ఆమె దాటాక ఇక ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. పసిబిడ్డల్ని గుండెలకు కట్టుకుని తల్లులు దాటారు. మగవాళ్లు దాటారు. ఒకాయన మేకపిల్లను జాకెట్‌లో దూర్చుకుని దాటాడు, నేను చూడనట్టు ఊరుకున్నాను. చివరికి ఈతగాడు, వాడి వెనక నేను. నాలుగింటికి ఇంకా పావుగంట ఉంది. రేడియో ఆపరేటర్ పైకి కబురు చెప్పాడు. "దిబ్బ ఖాళీ. పందొమ్మిదికి పందొమ్మిది." చీకటి పడకముందే నీళ్లు దిబ్బను ముంచేశాయి, మామిడి కొమ్మలు మాత్రం పైకి కనబడ్డాయి. తర్వాత సెక్షన్ కమాండర్ నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. అంత సంతోషం నేను ఏ పతకం అందుకున్న రోజునా చూడలేదు.

నీళ్లు తగ్గాక కాలమ్ వెనక్కి బయలుదేరింది. హైవే మీద కుందారపల్లి దాటుతుంటే మా ఇంటి వైపు చెయ్యి ఊపాను, బయట ఎవరూ లేరు. ఆ ఏడే రిటైరయ్యాను. ఇప్పుడు హోసూరులో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగం. టీకొట్టు దగ్గర మావాళ్లు సినిమా సీన్ల గురించి వాదించుకుంటారు, ఏ ఎంట్రీ గొప్పది, ఏ ఫైటు గొప్పది అని. నన్నూ అడుగుతారు. నాకు ఎప్పుడూ ఒకటే సీను కళ్లకు కడుతుంది.

పాయ నడుమ కప్పీ ఇరుక్కుంది. నారింజరంగు జాకెట్‌లో మునెమ్మ నీళ్ల మీద వేలాడుతోంది. దిబ్బ మీద అందరూ ఊపిరి బిగబట్టారు. ఆమె కళ్లు తెరిచి కిందికి చూసింది. ఒక చెయ్యి వదిలి, ఎగిరే చీర కుచ్చిళ్లు తీరిగ్గా పైకి దోపుకుంది. తర్వాత అవతలి గట్టు మీదున్న మావాళ్ల మీద కేకేసింది. "ఏం చూస్తా ఉండారప్పా, లాగండి." నా వెనక ఎవరో రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని ఈల వేశారు. ఇంకెవరో తడి తువ్వాలు గాల్లోకి ఎగరేశారు. ఏరు హోరుమంటోంది, నా రెండు చేతులూ ముడి మీద ఉన్నాయి, దిబ్బంతా ఈలలు వేస్తోంది.