మాణిక్యమ్మ నవ్విన తొమ్మిది రోజులు

పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర బ్రహ్మయ్య మాటంటే మాటే. బట్టీలోంచి తీసిన రాయి మీద చెంబెడు నీళ్లు పోసేవాడు. అది బుసబుసమని పొంగి విచ్చుకుంటే కాలినట్టు. ఉలుకూ పలుకూ లేకుండా పడుంటే పచ్చిది, మళ్లీ బట్టీలోకే. ఇరవై ఏళ్లలో అతని అంచనా తప్పింది ఒక్కసారే, అదీ రాయి విషయంలో కాదు.

అతని భార్య మాణిక్యమ్మ రెండేళ్లపాటు మంచం దిగలేదు. మాట మానేసింది, చివరికి ముద్ద కూడా మానేసింది. 1984లో గుంటూరు తీసుకెళ్లి ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ ఆరుసార్లు తలకు కరెంటు షాకు పెట్టారు. లేచి కూర్చుంది, అన్నం అడిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు: "ఈ వైద్యం తర్వాత కొందరికి హుషారు హద్దు దాటుతుంది. నిద్ర తగ్గినా, మాటలు ఎక్కువైనా వెంటనే తీసుకురా." బ్రహ్మయ్య బుద్ధిగా తలూపాడు. ఆ తలలోకి మాట ఎక్కితే కదా.

ఇంటికొచ్చిన వారానికి మాణిక్యమ్మ నవ్వింది. ఇక ఆగలేదు. గుక్క తిప్పుకోకుండా కబుర్లు, నాట్ల పాటలు, వాడంతటికీ పులిహోర. నీళ్లు తగిలి పొంగిన రాయిని చూసినట్టే చూశాడు బ్రహ్మయ్య పెళ్లాన్ని. వైద్యం పట్టిందని తేల్చేశాడు.

పక్కింటి హజ్రా బీ ఊరుకోలేదు. "అన్నా, వదిన రెప్ప వాల్చి ఆరు రోజులైంది. డాక్టరుకు చూపించు."

"ఏమని చూపించేది చెల్లెమ్మా? నా పెళ్లాం నవ్వుతా ఉంది, ఆపమని అడిగేదా?"

నిజానికి అతనికీ లోపల బెరుగ్గానే ఉంది. రెండేళ్ల తర్వాత విన్న నవ్వు, ఇంకో నాలుగు రోజులు విందామనుకున్నాడు.

తొమ్మిదో రోజు మాణిక్యమ్మ, కోటప్పకొండ తిరునాళ్ల లోపు వాడలో ఇళ్లన్నిటికీ తానే సున్నం కొడతానంటూ, గంపెడు కాలిన రాయి తెచ్చి కాగులో పోసింది. బట్టీల మధ్య పుట్టి పెరిగిన మనిషి. ఎడంగా నిలబడి నీళ్లు పోయాలని తెలియక కాదు, ఆ రోజు ఆమెకు భయమన్నదే లేదు. కడివెడు నీళ్లు ఒక్కసారే కుమ్మరించి, పొంగు చూద్దామని ముఖం వంచింది. సున్నం చిమ్మి కుడికన్ను పోయింది.

"ముందే ఎందుకు తీసుకురాలేదు?" అని డాక్టరు అడిగాడు.

మందులతో ఆమె నెమ్మదించింది. తింటుంది, పని చేసుకుంటుంది, అడిగితే మాట్లాడుతుంది. ఆ తొమ్మిది రోజులు మాత్రం ఆమెకు గుర్తు లేవు. ఒక సాయంత్రం చేటలో బియ్యం ఏరుతూ అడిగింది.

"ఏమయ్యా, అప్పుడు నేను పాటలు పాడానంటగా. హజ్రా చెప్పింది. బాగా పాడానా?"

"చానా బాగా పాడావే," అన్నాడు బ్రహ్మయ్య. "అందుకే డాక్టరుకు చెప్పలా."

మాణిక్యమ్మ ఏరడం ఆపి, ఉన్న ఒక్క కంటితో అతన్ని చూసింది.

"చెప్పాల్సిందయ్యా," అంది.

మర్నాటి నుంచి రాయి చూసే పని వేరేవాళ్లకు వదిలేసి, బ్రహ్మయ్య బొగ్గు మోతకు వెళ్లాడు.