మమత మొదటి ఆప్షన్

నా చెయ్యి మంచిదని ఇబ్రహీంపట్నంలో పేరు. డిగ్రీ ప్రవేశాలు మొదలయ్యాయంటే చాలు, బస్టాండు పక్కన నేను నడిపే ఇంటర్నెట్ సెంటర్ ముందు పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ నిలబడతారు. చుట్టుపక్కల మంచాల నుంచి వస్తారు, యాచారం నుంచి వస్తారు. ఆ అక్కతో ఆప్షన్లు పెట్టిస్తే సీటు ఖాయమట. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఎందుకంటే ఈ చేత్తోనే ఒక సీటు పోగొట్టాను. తొమ్మిదేళ్ళుగా ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

మీకు మొత్తం చెబుతాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే అక్కడే పట్టుకోండి. నాకు ఆ అలవాటుంది.

మమత, నేను ఇంటర్ రెండేళ్ళూ ఒకే బెంచీ. తనకు లెక్కలంటే ప్రాణం. నాకు మమత పక్కన కూర్చోవడం అంటే ప్రాణం. అప్పట్లో నేను జిరాక్స్ తీయించడానికి కూడా ఒంటరిగా వెళ్ళేదాన్ని కాదు. తను ముందు నడిస్తే నేను వెనకాల. ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మమతకు మంచి మార్కులు, నాకు ఏదో గట్టెక్కే మార్కులు. సిటీలో ఒక ఆడపిల్లల కాలేజీ ఉంది, హాస్టల్ ఉంది, లెక్కలతో పాటు స్టాటిస్టిక్స్ ఉంది. అందులో చదివి లెక్కల టీచర్ కావాలని మమత ఆశ. నాకు అందులో సీటు రాదని మా ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం తను ఎప్పుడూ అనలేదు.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టినప్పుడు మమత ఫోన్ నంబర్ అడిగిన చోట నా నంబరే ఇచ్చింది. వాళ్ళింట్లో ఉన్నది ఒక్క ఫోను. అది బస్సు నడిపే వాళ్ళ బాపు జేబులో పొద్దంతా ఊర్లు తిరుగుతుంది. కాబట్టి తన ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ నాకే వచ్చేవి. ఇందులో వింతేం లేదు, మా క్లాసులో సగం మంది అలాగే ఎవరో ఒకరి నంబర్ పెట్టుకున్నారు.

ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజు. కాలేజీల పేర్లు వరుసగా కనిపిస్తాయి, పక్కన చిన్న గడులు. ఏది ముందు కావాలో దానికి ఒకటి, తర్వాతి దానికి రెండు, అలా నంబర్లు వేయాలి. ఒకటో నంబర్ కాలేజీకి మార్కులు సరిపోతే అదే ఇస్తారు, రెండోదాని జోలికి పోరు. ఆ రోజు మమత వాళ్ళమ్మ జ్వరం ఎక్కువై దవాఖానలో ఉంది. మమత పరుగున వచ్చి, హాల్‌టికెట్ జిరాక్స్ వెనకాల పాస్‌వర్డ్ రాసి నా చేతిలో పెట్టింది. సిటీది ఒకటి, మన ఊరి కాలేజీది రెండు అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను అప్పటి ఇంటర్నెట్ సెంటర్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ముందు నావి పెట్టుకున్నాను. నాకు ఊరి కాలేజీ తప్ప వేరే దారి లేదు. తర్వాత మమతవి తెరిచాను. సిటీ కాలేజీ పక్కన ఒకటి వేశాను. నిజంగా వేశాను. తర్వాత కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తను లేని క్లాసు గది, తను లేని బస్సు, ఎవరితో మాట్లాడాలో తెలియక నేను గోడ పక్కన నిలబడడం, అన్నీ కళ్ళ ముందుకు వచ్చాయి. ఒకటి చెరిపి రెండు వేశాను. ఊరి కాలేజీ పక్కన ఒకటి వేశాను. సేవ్ నొక్కాను. నా ఫోన్‌కే ఓటీపీ వచ్చింది. అది కూడా కొట్టాను. ఎంత సేపు పట్టింది? టీ తాగేంత సేపు కూడా పట్టలేదు.

సాయంత్రం మమత దవాఖాన మెట్ల మీద ఎదురొచ్చింది.

"మొదటి నంబర్ల సిటీదే పెట్టినవా?"

"అవ్, పెట్టిన."

"ప్రింట్ ఏదే?"

"మిషన్ల కాగితాలు అయిపోయినయంట. ఏం ఫికర్ చెయ్యకు."

"నువ్వున్నంక నాకేం ఫికర్," అని నవ్వింది.

ఆ నవ్వు గురించి ఏమీ చెప్పలేను.

సీట్ల మెసేజ్ వచ్చినప్పుడు నేనే తీసుకెళ్ళి చూపించాను. ఊరి కాలేజీ. మమత రెండు మూడు సార్లు చదువుకుంది. ఏడవలేదు. నా మార్కులు సరిపోలేదన్నమాట అని మాత్రం అంది. అక్కడ నోరు విప్పొచ్చు కదా? రెండో విడత ఉంది, మళ్ళీ ఆప్షన్లు పెట్టొచ్చు, దిద్దుకునే దారి తెరిచే ఉంది. తను అడిగింది కూడా. రెండో విడతకు పోతే ఉన్న సీటు కూడా పోతుందని నేనే భయపెట్టాను. అలా ఊళ్ళో చాలామంది అనుకునేవారు కాబట్టి తను నమ్మింది. ఒకటోసారి చేసింది భయంతో అనుకుందాం. రెండోసారి చేసిందాన్ని ఏమనాలి?

ఇన్నేళ్ళూ దానికి స్నేహం అని పేరు పెట్టుకున్నాను. మమత మీద ప్రేమకొద్దీ చేశానట. పట్టుకోమన్నాను కదా, ఇదిగో, ఇక్కడే. కుళ్ళు కూడా ఉంది. నాకు అందనిది తనకు అందుతోందని కడుపు మండింది.

ఆ తర్వాత ఈ సెంటర్ పెట్టుకున్నాక, మేం డిగ్రీలో చేరిన ఏడాది సిటీ కాలేజీలో చివరి సీటు ఎన్ని మార్కులకు పోయిందో వెతికి చూశాను. మమతవి అంతకంటే ఎక్కువే. హాయిగా వచ్చేది. అయితే సీటు పోవడం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదేమో. మమత ఊరి కాలేజీలో డిగ్రీ బాగానే చదివింది. కానీ ఆ తర్వాత పీజీ ఎంట్రెన్స్ రాయలేదు, బీఈడీ ఎంట్రెన్స్ రాయలేదు. ఎవరు అడిగినా ఒకటే జవాబు, నా మార్కులకు ఎక్కడొస్తది అని. నా అబద్ధంలోంచి పుట్టిన మాట అది. ఆమె దాన్ని తన గురించిన నిజం అనుకుంది. ఇప్పుడు ఆదిభట్లలో ఒక కంపెనీ గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళకు పాసులు రాస్తుంది.

పోయిన వారం మమత తన చెల్లెలు శ్రావణిని నా దగ్గరకు తీసుకొచ్చింది. ఇంటర్ అయిపోయింది. అక్క కంటే ఎక్కువ మార్కులు. ఆ అమ్మాయికి అదే సిటీ కాలేజీ కావాలట. మమత మాత్రం ఊరి కాలేజీకే ఒకటి వేయమంది. మా ఇంటి మార్కులు సిటీకి సరిపోవు, ఆశ పెట్టుకుని ఏడవడం ఎందుకు అంది. శ్రావణి స్క్రీన్ మీద సిటీ కాలేజీ పేరు వంకే చూస్తోంది. అచ్చం ఆ రోజు మెసేజ్ చదువుకున్నప్పటి అక్క మొహంలాగే ఉంది ఆ మొహం. నేను కీబోర్డు పక్కకు జరిపాను. సర్వర్ సతాయిస్తోందని చెప్పి రేపు రమ్మన్నాను. ఇంకో అబద్ధం. ఇదే ఆఖరు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు ఆగే చోటికి వెళ్ళాను. మమత ఒక్కతే నిలబడి ఉంది. చెప్పేశాను. ఒకటి చెరిపి రెండు వేసిన సంగతి, ప్రింట్ సంగతి, రెండో విడత సంగతి, చివరి సీటు మార్కుల సంగతి. మాటలు వరుసలో రాలేదు. తను నా మొహం వంక కాదు, నా చేతుల వంక చూసింది. బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్కన కూర్చుంది, ఇటు తిరగలేదు. నేను క్షమించమని అడగలేదు. అడిగి తన మీద ఇంకో పని పెట్టడం ఎందుకు?

సెంటర్‌కు వచ్చి షట్టర్ ఎత్తాను. భయం ఉంది. కానీ తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఊపిరి పూర్తిగా ఆడుతోంది.

మధ్యాహ్నం మమత ఫోన్ చేసింది. రెండే ముక్కలు. "చెల్లెను పంపుతున్న. నంబర్లు అదే సొంతంగ ఏసుకుంటది, నువ్వు మౌస్ ముట్టకు." పెట్టేసింది.

శ్రావణి వచ్చింది. నా కుర్చీ ఇచ్చి నేను పక్కన స్టూల్ మీద కూర్చున్నాను. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి సిటీ కాలేజీ పక్కన ఒకటి వేసింది. ఓటీపీ తన సొంత ఫోన్‌కే వచ్చింది. రెండు ప్రింట్లు తీశాను, ఒకటి అక్కకు ఇవ్వమన్నాను. మొదటి వరుసలో ఏముందో పైకి చదవమన్నాను.

శ్రావణి చదివింది. తర్వాత, వెళ్ళబోతూ ఆగి, బీఈడీ ఎంట్రెన్స్‌కు దరఖాస్తు ఎప్పుడు మొదలవుతుందో కనుక్కుని రమ్మని అక్క చెప్పిందంది.