నాయన మతిమరుపు దాచాను

సాయంత్రం నాలుగూ పదికి జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌లో ఆయా టీ తెచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరు గ్లాసు అందుకుంటూ ఒక మాట అడిగారు. నేను అబద్ధం చెప్పాను. ఇరవై ఏళ్లుగా దాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నా తమ్ముడు కబడ్డీ ఆడేవాడు. రహమత్ నగర్‌లో మా ఇంటి వెనక మైదానంలో పొద్దున్నే నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవాళ్లు. తడిమట్టి వాసన వంటింటి దాకా వచ్చేది. మా వీధి పిల్లలు ఒక్కొక్కరే మెడలో కంపెనీ కార్డులు వేసుకుని హైటెక్ సిటీ బస్సులెక్కుతున్న రోజులవి. వీడికి చదువు రాలేదు, ఆట వచ్చింది. వీడు కూతకు వెళ్తే ఆ కార్డుల వాళ్లు కూడా గోడ దగ్గర ఆగి చూసేవాళ్లు. నేను కిటికీలోంచి చూసేదాన్ని. అంత సంతోషం మళ్లీ ఎరగను.

జాతీయ జట్టు శిబిరానికి పిలుపు వచ్చిన వారమే ఒక మ్యాచ్‌లో ఎవరిదో మోకాలు వాడి తలకు తగిలింది. రెండు రోజులు ఏది చూసినా రెండుగా కనిపించింది. డాక్టరు సరేనని రాసిస్తేనే శిబిరం.

"మీ నాన్నగారికి గానీ, తాతగారికి గానీ చిన్న వయసులోనే మతిమరుపు వచ్చిందా అమ్మా?" అని ఆయన అడిగారు. "కొన్ని కుటుంబాల్లో అది వంశంలోనే ఉంటుంది. అలాంటివాళ్లకు తల దెబ్బ తొందరగా మానకపోవచ్చు. ఖచ్చితంగా చెప్పలేం. కానీ ఉంటే మాత్రం ఇప్పట్లో ఆడనివ్వను."

"లేదండీ. మా నాయనకు అన్నీ యాదికుంటయ్, అమ్మ తెమ్మన్న కూరగాయలు తప్ప," అన్నాను.

ఆయన నవ్వి సంతకం పెట్టారు.

మెట్లు దిగుతుంటే తమ్ముడు అన్నాడు: "పొద్దున నాయన నన్నే ఎవరివిరా అన్నడు కదనే అక్కా. జర కూడా తడబడలే నువ్వు. ఫిల్మ్‌నగర్‌ల ఉండాల్సినదానివి."

"ఊకో. క్యాంపుకు పోతవా, పోవా?"

"పోత."

నాయన సినిమాల్లో ఫైటర్. ఫైటర్ల ఇళ్లలో తల దెబ్బ సంగతి బయట చెప్పరు. చెబితే మర్నాడు పనికి పిలవరు. నాయన మతిమరుపునూ ఆ దెబ్బల వల్లే అనుకుని అలాగే దాచాం. కానీ ఊళ్లో వ్యవసాయం చేసుకున్న తాతకు ఏ దెబ్బా తగల్లేదు. యాభై దాటకముందే ఆయన తన పొలానికి దారి మరిచిపోయాడు. ఇది నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. వాడి కోసమేనా? లేక ఆటగాడి అక్క అని వీధిలో నన్ను పిలుస్తున్నందుకా?

శిబిరం మూడో వారంలో మళ్లీ అదే చోట దెబ్బ తగిలింది. ఆట ఆగిపోయింది. కొన్నేళ్లు బాగానే ఉన్నాడు, పెళ్లి చేశాం, ఆ తర్వాత ఒక్కొక్కరినే మరిచిపోతూ, చివరికి నన్ను కూడా ఎవరని అడిగి, పోయినేడు పోయాడు. నిజం చెప్పి ఉంటే బతికేవాడా? డాక్టరే ఖచ్చితంగా చెప్పలేమన్నారు. ఆ మాట చాటున ఇన్నేళ్లు దాక్కున్నాను. ఆయన ఆట ఆపేవారన్నది మాత్రం ఖచ్చితం.

పోయిన నెల మరదలికి, అంటే వాడి భార్యకు, ఇదంతా చెప్పాను. కూర్చుని విన్నది. ఆ రోజు నాకు నిద్ర పట్టింది. అందుకు సిగ్గుగా ఉంది.

ఆదివారాలు ఆమె నాకు అన్నం తెచ్చి, నేను తినేదాకా పక్కన కూర్చునేది. ఇప్పుడు రావడం లేదు.