ముందర వచ్చే చిన్న బండి

ఈ ఉదయం మా మెట్ట చేనిలో, హోసూరు కాలేజీ పిల్లలు హద్దులకని నీళ్ళు పోసి మెత్తబరిచి మేకులు దిగగొట్టిన చోట్ల నుంచి తడి ఎర్రమట్టి వాసన గట్టు దాకా వచ్చింది. వాళ్ళు తెచ్చిన బండి చంద్రుడి మీదికి పంపేదానికి నమూనా అట, ఆరు చక్రాలు, మేకపిల్లంత ఉంది. దాన్ని నడిపి చూడటానికి రాళ్ళూ గుంతలూ ఉన్న నేల వారం పాటు కావాలని వాళ్ళు అడిగితే, ఒక పూట చూసి చెబుతానన్నాను. ఆ వాసన ఎంత కమ్మగా ఉన్నా నేను మోసపోను.

నా చిన్నతనంలో నల్లంపల్లి దగ్గర రోడ్డు పక్కన మాకు ఇంకో చేను ఉండేది. శెనక్కాయ పీకే రోజుల్లో కూలివాళ్ళు చెట్లు కుప్పలు వేస్తుంటే, పిల్లలం రాలిన కాయలు ఏరి, ఎండుటాకుల మంటలో కాల్చుకు తిని, నల్లబడ్డ మూతులతో ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ, అవ్వ తెచ్చే రాగి సంగటి కోసం గట్టు మీద కాచుకునేవాళ్ళం. అలాంటి ఒక మధ్యాహ్నం మూడు కాళ్ళ దుర్భిణి మోసుకుని ఇద్దరు సర్వేవాళ్ళు వచ్చారు. ఊరికే చూసి పోతామని అరవంలో చెప్పి, చేను నడుమ ఒక రాయి నాటారు. అవ్వ వాళ్ళకు సంగటి పెట్టింది. ఒకాయన రెండో ముద్ద కూడా అడిగి తిన్నాడు.

పంట ఇంటికి చేరేముందు గట్టురాయికి పసుపు పూసి పొంగలి పెట్టడం మా ఇంటి ఆచారం. సర్కారే రాయి నాటిందంటే చేను మనకు గట్టిపడినట్టేనని అవ్వ అనుకుంది. ఆ రాయికీ పసుపు కుంకుమ పెట్టి, కొత్త కాయలు దోసిలితో పోసింది.

"మొక్కుకోరా, మన చేనికి కావలి వచ్చినాడు" అన్నది. సాష్టాంగపడి మొక్కాను.

మరుసటి ఎండాకాలం రోడ్డు వెడల్పు చేసే యంత్రాలు ఆ రాయి దగ్గరి నుంచే తవ్వడం మొదలుపెట్టాయి. నాన్న నన్ను వెంటబెట్టుకుని సర్వే ఆఫీసుకు పోతే, రెండో ముద్ద తిన్న పెద్దమనిషి మమ్మల్ని ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకే ఈ పొద్దు గట్టు దిగకుండా ఆ బండినే చూస్తూ నిలబడ్డాను. అంత చిన్నది ఎందుకని అడిగాను. వాళ్ళలో మన తెలుగు మాట్లాడే మారండహళ్ళి పిల్ల ఒకతె ఉంది.

"ఖర్చు తక్కువ మామా, చెడిపోయినా పెద్ద నష్టం లేదు. ఇది ముందర పోయి నేల ఎట్లుందో చూసి చెప్తే, వెనకాల పెద్దవి వస్తాయి."

"ఎవుర్ని అడిగి వస్తాయి?"

ఆమె నవ్వింది. "చంద్రుని మీద ఎవురుండారు మామా, అడిగేకి?"

"ఈడ నేనుండాను. మేకులు పీకేయండి."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. ఇలాంటి నేల మళ్ళీ ఎక్కడ వెతుక్కుంటారోనని నాకూ అనిపించకపోలేదు. మంచి పిల్లలే కావచ్చు. సంగటి తిన్నవాడూ చూడటానికి మంచివాడిలాగే ఉండేవాడు.

పాత చేను ఉన్నచోట ఇప్పుడు తొప్పూరు కనుమకేసి లారీలు పోతుంటాయి. అక్కడ శెనక్కాయ పండేదంటే మా ఇంటి పిల్లలే నమ్మరు. మాకు మిగిలింది ఈ రెండెకరాలే. వాళ్ళ వ్యాను పెద్దరోడ్డు ఎక్కి కనుమరుగయ్యేదాకా నేను గట్టు దిగలేదు.