పక్షి చెప్పకుండా వస్తోంది

మా బంధువుల్లో ఎవర్ని కదిపినా ఒకటే కథ. మా వదిన కంప్యూటర్లో గేములాడి కళ్ళు పోగొట్టుకుందట, ఆ కంప్యూటర్ ఆవిడ ముందు పెట్టిన పాపం నాదట. మా ఆయనైతే పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళని పిలిచి మరీ చెబుతారు. శుద్ధ అబద్ధం. నా కంప్యూటర్ ముందు కూర్చునేనాటికే ఆవిడ చూపు సగం పోయింది. ఆ సంగతి ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తెలియదు. నాకు తెలిసింది, అదీ ఒక ప్రోగ్రాంలో తప్పు దిద్దబోతే.

వదిన మా ఆయనకి అక్క. కాపురం అవనిగడ్డలో. తొంభైల్లో బందరులో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, టీవీకి తగిలించే వీడియో గేమ్ ముందు మఠం వేసుకుని కూర్చునేది. ఆవిడకి నచ్చిన ఆట ఒకటుండేది. ఒక బుడ్డోడు గట్టు వెంట పరిగెడుతూ ఉంటాడు. టీవీ అంచుల్లోంచి పక్షులు దూసుకొచ్చి పొడుస్తాయి, ఆలోపు వాణ్ణి ఎగిరించాలి. ప్రతి పక్షీ వచ్చేముందు కీచుమంటుంది. ఆ ఆటలో వదినని ఓడించిన మగాడు మా ఇంట్లో లేడు.

"జాయ్‌స్టిక్ పాడైందక్కా" అనేవారు మా ఆయన, ఓడినప్పుడల్లా.

"పాడైంది జాయ్‌స్టిక్ కాదురా, నీ చెయ్యి" అనేది ఆవిడ.

ఒక వేసవిలో హైవోల్టేజీకి ఆ గేమ్ పెట్టె కాలిపోయింది. మళ్ళీ కొనలేదు.

రెండువేలు దాటాక మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. అప్పటికి నేను రోజూ పాసింజర్ బండిలో గుడివాడ వెళ్ళి, ఒక కంప్యూటర్ సెంటర్లో పిల్లలకి సి లాంగ్వేజ్ చెబుతున్నాను. ఏదో పత్రికతో వచ్చిన సీడీలో ఎమ్యులేటర్ దొరికింది. కూచిపూడి భాగవతులు ఆడవేషం కట్టినట్టు, కంప్యూటర్ చేత పాత గేమ్ పెట్టె వేషం కట్టించే ప్రోగ్రాం అది. మన పక్షుల ఆట కూడా అందులో ఉంది. ఎమ్యులేటర్‌ని దిద్దుకోవడానికి వీలుగా దాని సోర్స్ కోడ్ సైతం సీడీలోనే పెట్టారు. వదిన రాగానే లాక్కెళ్ళి కూర్చోబెట్టాను.

మొదటి పక్షికే పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి మా ఆయన చంకలు గుద్దుకున్నారు.

"వయసైపోయింది నీకు. ఇక పచ్చళ్ళు పెట్టుకో అక్కా."

వదిన నా వైపు తిరిగింది. "ఇది మన ఆట కాదమ్మాయ్. దీంట్లో పక్షి చెప్పకుండా వస్తోంది."

"చెప్పి రావడానికి అదేమన్నా చుట్టమా వదినా?" అన్నాను. నా నోరు ఎక్కడికి పోతుంది!

కానీ ఆ మాట నన్ను తొలిచేసింది. ఆవిడ పడుకున్నాక నేనే కూర్చుని ఆడి చూశాను. కాలవ అవతలి గట్టున చాకలి బండ మీద బట్ట కొట్టడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తుంది చూడండి, సరిగ్గా అలా ఉంది. పక్షి వచ్చేసి పొడిచేశాక కీచుమంటోంది. మేమందరం బొమ్మ చూస్తూ ఆడేశాం గనక ఆ తేడా ఎవరికీ తట్టలేదు. ఆవిడ ఒక్కతే పట్టుకుంది.

సోర్స్ తెరిచాను. గిలకలదిండి రేవులో తట్ట నిండితే గానీ చేపల్ని లారీ దగ్గరికి మోయరు. ఈ ప్రోగ్రాం శబ్దంతో అదే పని చేస్తోంది. పెద్ద తట్టలో నింపి, అది నిండాక స్పీకర్లకి పంపుతోంది. ఆలోపు బొమ్మ ముందుకెళ్ళిపోతోంది. తట్ట చిన్నది చేశాను. వేరుశెనక్కాయలు వేయిస్తున్నట్టు చిటపటలు మొదలయ్యాయి, తట్టలు అందించడం ఆలస్యమై మధ్యలో ఖాళీలొస్తున్నాయి. కొంచెం పెంచాను, తగ్గించాను, శబ్దం పంపే వరస మార్చాను. చివరికి చిటపటలు పోయాయి, కీచుమన్న తర్వాతే పక్షి వచ్చింది. ఎవరో రాసిన ప్రోగ్రాంని బందరులో కూర్చుని బాగుచేశానని నాకు భలే గర్వమేసింది.

మర్నాడు భోజనాలయ్యాక వదినని పిలిచాను. మొదటి పక్షి, ఎగిరింది. రెండోది, మూడోది. మా ఆయన నోట్లో వక్కపొడి అలాగే ఉండిపోయింది. పాత వదిన తిరిగొచ్చింది. గట్టు చివరికి బుడ్డోణ్ణి చేర్చేయబోతోంది.

అంతలో ఫోన్ మోగింది. అవతలివాళ్ళ మాట వినపడటం లేదని మా ఆయన స్పీకర్లు ఆపేశారు. ఆ క్షణంలోనే పక్షి పొడిచింది.

"శబ్దం పెట్టరా!" అని అరిచింది వదిన.

"ఎదురుగా వస్తోందిగా అక్కా, చూసి ఎగరొచ్చుగా!"

"ఎక్కడ?"

ఆ "ఎక్కడ" విని నేను తెర దగ్గరికి వంగాను. మళ్ళీ మొదలైన ఆటలో పక్షి తెర అంచున ఉంది, కాకంత పెద్దది, ఎర్రగా. మీట నొక్కి ఆటని అక్కడికక్కడ ఆపేశాను. పాత పెట్టెలో ఆ ఆట ఆగేది కాదు, ఎమ్యులేటర్ గనక ఆగింది.

"వదినా, పక్షిని వేలుపెట్టి చూపించండి."

ఆవిడ నవ్వింది. తర్వాత తల తిప్పుతూ, తెరంతా వెతికింది, చాప మీద పడిన సూదిని వెతుకుతున్నట్టు. చాలాసేపటికి, "ఇదిగో" అంది.

మా ఆయన ఫోన్ పెట్టేసి చూస్తున్నారు. నేను లేచి ఆవిడ వెనక నిలబడ్డాను. గాజులు చప్పుడు కాకుండా ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి ఆవిడ చెంప పక్కన ఆడించాను. రెప్ప కదల్లేదు. రెండో వైపు ఆడించాను. కదల్లేదు. ఆవిడ తెర వైపు చూస్తూ, "ఆపావేంటమ్మాయ్, కానీ" అంటోంది.

"వదినా, మీకు పక్కన ఏమీ కనపడదా?"

"తల తిప్పితే కనపడుతుంది. అందరికీ అంతేగా?"

ఆవిణ్ణి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం.

పక్కన నిలబడి నవ్వితే తిరిగి నవ్వదని బంధువులంతా పొగరుమోతు అన్న మనిషి ఈవిడే. గుమ్మాలకి మోచేతులు కొట్టుకుంటే దూకుడన్నారు. మసకచీకట్లో పెరట్లోకి వెళ్ళనంటే బద్ధకమన్నారు. అన్నవాళ్ళలో డిగ్రీలున్నవాళ్ళూ ఉన్నారు, నేనూ ఉన్నాను. చూపు అంచుల్లోంచి ఏళ్ళ తరబడి కోసుకుపోతూ వచ్చిందనీ, పోయింది తిరిగి రాదనీ, కంప్యూటర్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదనీ కళ్ళ డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నారు. అయినా పెళ్ళిళ్ళలో ఆ కథే. తన అక్క అన్నాళ్ళు సగం చీకట్లో తిరిగితే గమనించలేదని చెప్పుకోవడం కంటే, పెళ్ళాం కంప్యూటర్ పెట్టిందని చెప్పుకోవడం సుఖం.

నాకు అంతుచిక్కనిది వదిన. "అందరికీ అంతేగా" అన్నప్పుడు ఆవిడ గొంతులో తడబాటు లేదు. అలాగని ఏ ఇంటికెళ్ళినా గోడవారగా, ఒక పక్క నుంచి ఎవరూ రాలేని చోటే ఎంచుకుని కూర్చునేది. కొత్త వీధిలో "నువ్వు ముందు నడువమ్మాయ్" అని నా కొంగు పట్టుకునేది. అడిగితే నవ్వేస్తుంది. "నీకు వాదించడానికో వంక కావాలి" అంటుంది. వాదన కాదు వదినా, జవాబు కావాలి. లోకమంతా మీలాగే చూస్తుందని నిజంగానే నమ్మారా, లేక తెలిసే, మాలో ఎవరికి చెబితే ఏమవుతుందని భయపడ్డారు?