అంకుల్‌ని గరాజ్‌లో దాచిన శనివారం

కొత్తగా జీతం చేతికొచ్చే ఆ రోజుల్లో లోకంలో మనకు తెలియనిదంటూ ఉండదు, ఏమీ తెలియనివాళ్లే మన చుట్టూ ఉంటారు. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో ఒక గుంటూరు ఆంటీ ఇంట్లో నేను అద్దెకుంటుండగా, పక్క గదిలోకి ఒక ఇరాకీ అమ్మాయి దిగింది. వాళ్లది షెపర్టన్ దగ్గర పళ్లతోటల ఊరు. ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగమొచ్చి మెల్‌బోర్న్ వచ్చింది. ("పెళ్లికాని పిల్లని రెండు గంటల దూరం ఎట్టా పంపారే!" అని ఆంటీ నాతో అని బుగ్గలు నొక్కుకుంది. సముద్రాలు దాటి ఒంటరిగా వచ్చినదాన్ని నేను ఎదురుగానే ఉన్నాను.)

ఒక శనివారం వాళ్లమ్మ ఇల్లు చూడటానికి వస్తోందని తెలిసింది. "మా అమ్మకి నచ్చలేదో, సూట్‌కేసుతో సహా నన్ను వెనక్కి తీసుకెళ్తుంది. జాబ్ ఫినిష్!" అని దిగులుగా చెప్పి, ఆ పిల్ల వాళ్లమ్మని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్లింది. అంతే, నేను నడుం బిగించాను. అరబ్బుల ఆడపిల్ల ఉన్నచోట పరాయి మగవాడి నీడ పడకూడదని నా గట్టి నమ్మకం (ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు). నేనూ ఆంటీ కలిసి వాళ్లాయన్ని, అంటే అంకుల్‌ని, గరాజ్‌లోకి తోశాం. ఆయన చెప్పులు, షేవింగ్ సెట్, గోడమీది పెళ్లిఫొటో ఆయన వెనకాలే వెళ్లాయి. "అసలా పిల్లనే ఓ మాట అడక్కూడదంటమ్మా?" అన్నారు అంకుల్. "మీకేం తెలీదు, మీరూరుకోండి" అన్నాం ఇద్దరం.

వాళ్లమ్మ ఒళ్లంతా కప్పే నల్ల అబాయాలో హుందాగా వచ్చింది. గదులు చూసింది, వంటింట్లో మూకుడు అడుగుతో సహా చూసింది. టీ తాగుతూ వచ్చీరాని ఇంగ్లీషులో, "ఇంట్లో మగవాళ్లు?" అంది.

"మగపురుగు లేదు!" అన్నాను గర్వంగా.

ఆవిడ కప్పు కింద పెట్టేసింది. కూతురు నావైపు తిరిగి, "అదేంటి, అంకుల్ ఏరీ? ఇంట్లో పెద్దాయన ఉన్నారని చెప్పే కదా అమ్మని ఒప్పించింది!" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు. వాళ్లమ్మ అప్పటికే లేచి సూట్‌కేసు ఎక్కడని అడుగుతోంది.

ఆంటీ ఒక్క పరుగున వెళ్లి గరాజ్ తలుపు తీసింది. పెళ్లిఫొటో చంకన పెట్టుకుని, లుంగీతో అంకుల్ బయటికొచ్చారు. ఆవిడ ఫొటో చూసింది, ఆంటీని చూసింది, కూర్చుంది. ఇక మా ఇద్దరితో మాట్లాడితే ఒట్టు. "నా బిడ్డని మీ చేతుల్లో పెడుతున్నాను" అంది అంకుల్‌తో. ఆంటీని అడక్కుండా ఫ్రిజ్ తలుపైనా తీయని ఆ మనిషి గంభీరంగా తలూపారు.

ఆవిడని రైలెక్కించి వచ్చాక ఆ పిల్లా నేనూ వంటింట్లో గంతులేశాం. దేనికయ్యా అంటే, తన కాళ్లమీద తను నిలబడ్డ పిల్లకి అలాగే నిలబడి ఉండటానికి అనుమతి దొరికినందుకు! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. కానీ అంత చిన్న గెలుపుకి అంతెత్తు ఎగిరిన ఆ ఇద్దరు పిల్లలంటే నాకిప్పటికీ ముద్దే.